రిబ్బన్ కట్టిన మిషన్

విస్తరాకుల మిషన్ మా ఇంటికి ట్రాలీ ఆటోలో వచ్చింది. పెళ్ళికూతురికి వడ్డాణం కట్టినట్టు నడుముకు ఎర్ర రిబ్బన్ కట్టి పంపిండ్రు. ఖమ్మంలో ఒక క్రైస్తవ పరిచర్య సంస్థ ఉంది. పేద ఆడవాళ్ళు సొంత కాళ్ళ మీద నిలబడాలని మా అమ్మకూ, ఇద్దరు పిన్నులకూ వాళ్ళిచ్చిన మిషన్ అది. కుట్టిన అడ్డాకులను అచ్చులో పెట్టి వేడిగా నొక్కితే అంచులు లేచి, పులుసు కారని విస్తరి తయారైతది.

దించినంక మా సంఘం పాస్టర్ అయ్యగారు చిన్న మాట చెప్పిండు. "ప్రతిష్ఠ ప్రార్థన అయ్యేదాకా ఎవ్వరూ ముట్టొద్దమ్మా. ఖమ్మం నుంచి పెద్ద బ్రదర్ గారు వచ్చి రిబ్బన్ కోస్తరు."

అమ్మ అప్పటికే తల్లాడలో ఒక రైతు ఇంటి పెళ్ళికి విస్తర్లు ఒప్పుకున్నది. వాళ్ళకు నచ్చితే వాళ్ళ చుట్టాలందరి శుభకార్యాలూ మావే, ఇక మిరప తోటల్లో కూలికి పోయే పనుండదని అమ్మ లెక్క. జూలూరుపాడు దాటినంక అడవి అంచున ఉన్న మా ఊళ్ళో ఆకుకు కొదవ లేదు. ముగ్గురూ కూర్చొని కుట్టుడే కుట్టుడు.

పెద్ద బ్రదర్ గారికి మొదట మహాసభలు అడ్డమొచ్చినయి. తర్వాత జ్వరం వచ్చింది. తర్వాత, ఆయనతో రావాల్సిన, ఫోటోలు తీసే తమ్ముడికి మరదలి పెళ్ళి వచ్చింది. మా విస్తర్లు మాత్రం మిషన్ పక్కనే కూర్చొని చెమ్మకు నల్లమచ్చలు పడుతున్నయి.

"ప్రార్థన మీరే చేయొచ్చు కదా అయ్యగారూ," అన్నా.

"చేయొచ్చు అమ్మాయీ. కానీ ఇచ్చినోళ్ళు ఉండాలె కదా. దేవుని సమయం వేరు."

"దేవుని సమయానికి తల్లాడ ముహూర్తం తెలుసా?"

అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. ఆయన పోయినంక కత్తెర తీసుకొని మిషన్ దగ్గరికి పోయిన. "వద్దే," అన్నది అమ్మ. "రేపు ఎవరి చెయ్యి కాలినా, ప్రార్థన లేకుండా మొదలుపెట్టిండ్రు గనుకనే గట్లయిందంటరు. ఆ మాట నేను పడలేను." ఆమె భయం దేవుడి గురించి కాదు, సంఘం గురించి. కత్తెర తీసిన చోటనే పెట్టిన.

పెళ్ళి దగ్గరకొచ్చింది. తల్లాడ పెళ్ళింటి అమ్మగారు అమ్మకు ఫోన్ చేసింది.

"ఏమ్మా, విస్తళ్ళు ఎప్పుడు పంపిస్తున్నావు?"

"ప్రార్థన కాంగనే పంపుతనమ్మగారూ."

"మీ ప్రార్థన కోసం మా పెళ్ళి ఆపమంటావా ఏంటి?"

కోపంగా కూడా అనలేదు. ఖమ్మం నుంచి కాగితం ప్లేట్లు తెప్పించుకున్నరు. పెళ్ళి అయిపోయింది.

ఆ తర్వాతి వారం పెద్ద బ్రదర్ గారు వచ్చిండు. షామియానా, మైకు, పళ్ళెంలో కత్తెర. అసెంబ్లీకి శంకుస్థాపన చేసినంత పని చేసిండ్రు. రిబ్బన్ ఫోటోలో సరిగ్గా పడలేదని ఫోటోల తమ్ముడు అంటే ముడేసి మళ్ళీ కోసిండ్రు. తర్వాత భోజనాలు, కాగితం ప్లేట్లలో.

"అయ్యో, మీ విస్తళ్ళలోనే పెడితే ఎంత బాగుండు," అన్నడు పెద్ద బ్రదర్ గారు, నిజంగానే బాధపడుతూ. నేను నోరు తెరవబోయిన. పిన్ని నా ప్లేటులో ఇంకో కోడి ముక్క వేసింది.

చివర్ల ప్రార్థన అంశాలు చెప్పమని అమ్మకు మైకు ఇచ్చిండ్రు. అమ్మ కొంగు సర్దుకున్నది.

"మిషన్ ఇచ్చినందుకు వందనాలు. తల్లాడ అమ్మగారికి మళ్ళ మా మీద నమ్మకం రావాలె. ఇంకెవరికన్నా మిషన్ ఇస్తే, రిబ్బన్ కట్టకుండ ఇయ్యాలె. దానికోసం ప్రార్థన చేయండి."

"ఆమెన్," అన్నరు అందరూ అలవాటు కొద్దీ. అందరికంటే గట్టిగా అన్నది పెద్ద బ్రదర్ గారే. అన్నంక ఆయన ముఖంలో ఏదో కదిలింది కానీ అప్పటికే డ్రైవర్ కారు తిప్పిండు.

ఆ సాయంత్రం మిషన్ నడిచింది. మచ్చల్లేని ఆకులు ఏరి నొక్కితే, విస్తరి నిజంగానే బాగొచ్చింది. అమ్మ దాన్ని ఫోటో తీయించి తల్లాడకు పంపింది, తర్వాత ఫోన్ చేసింది. ఎత్తలేదు.

"పెళ్ళివారిల్లు కదా, పనుల్లో ఉంటరు," అన్నది అమ్మ.

పెళ్ళయి అప్పటికి వారం దాటింది.