కల్లం కాడి నీడపట్టు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఏడాదికి రెండే కాలాలు. మిరప కోతలున్న కాలం, లేని కాలం. ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. మా నాయన వెదురు నరకడానికి అడవిలోకి పోయేవాడు. సంత రోజుకు ఇంటికొచ్చి, ఒక పూట ఉండి మళ్లీ పోయేవాడు. వానలు పడితే ఆ పని ఆగిపోయేది. అప్పుడు మేం తినే గింజలన్నీ ఎండాకాలం మిరప చేలల్లో మా అమ్మ కష్టపడి తెచ్చినవే. అందుకని ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, చుట్టాలు దిగినా, ఆకాశం ఊడిపడినా మా అమ్మ కోతకు పోవాల్సిందే.

ఆడవాళ్లంతా ఒక ముఠాగా పోయేవారు. అందులో పని రెండు రకాలు. చాలామందిది చేలో సాలు పట్టి, పొద్దంతా ఎండలో వంగి కాయ కోసే పని. రెండోది కల్లం పని. కోసిన కాయను కల్లంలో పరిచి ఎండబెట్టాక, మధ్యలో తెల్లబడిపోయిన తాలు కాయలను ఏరి పక్కన పొయ్యాలి. అది తాటాకు పందిరి కింద కూర్చుని చేసుకోవచ్చు. ఆ నీడపట్టున కూర్చునే హక్కు ముఠాలో అందరికన్నా పెద్ద మనిషిది. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు కానీ దాన్ని కాదన్న వాళ్లు లేరు. ఆ పెద్ద మనిషి తనంతట తాను లేస్తే, ఆమె చూపించిన మనిషే ఆ చోట కూర్చోవాలి. ముఠా మేస్త్రీ మాట కూడా అక్కడ చెల్లదు.

ఆ యేడు ఆ చోటు మా పక్కింటి అవ్వకు వచ్చింది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. జీవితమంతా చేలల్లోనే వంగి ఉందేమో, మామూలుగా నడిచేటప్పుడు కూడా కింద ఏదో వెతుకుతున్నట్టే నడిచేది. నోరు మాత్రం నిటారుగా ఉండేది. వీధిలో పిల్లలెవరూ ఆమె వాకిట్లో ఆడుకునే సాహసం చేసేవారు కాదు. పందిరి కింద మొదటిసారి కూర్చున్న రోజు ఆమె కాళ్లు బారచాపుకుని, చుట్ట వెలిగించుకుని, చేలో ఉన్న ఆడవాళ్లను ఒక రాణి చూసినట్టు చూసిందని మా అమ్మ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది.

మా తమ్ముడు అప్పటికి ఇంకా పాలు తాగే పసివాడు. అమ్మ వాణ్ణి వెంట తీసుకుపోయి, చేను గట్టు మీద చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేది. సాలులో నాలుగు మొక్కలు కోయడం, తలెత్తి ఉయ్యాల చూడడం, మళ్లీ వంగడం. వాడు ఏడిస్తే పరుగెత్తుకుని రావాలి, కానీ ఊరికే రాకూడదు. కాయ కోసిన చేతులకు ఆ ఘాటు పట్టుకుని వదలదు. పొద్దున ఆముదం రాసుకుని పోయినా మధ్యాహ్నానికి వేళ్లు భగభగ మండుతాయి. ఆ చేతులను మజ్జిగతో రుద్ది కడుక్కుని, కొంగు మీద ఉతికిన గుడ్డ కప్పుకున్నాకే పిల్లవాణ్ణి ముట్టుకోవాలి. ఏడ్చే బిడ్డను ఎదురుగా పెట్టుకుని నింపాదిగా చేతులు కడుక్కోవడం ఎంత కష్టమో నాకు పిల్లలు పుట్టాకే తెలిసింది.

ఒక ఆదివారం బడి లేదని నేనూ వాళ్లతో చేనుకు వెళ్లాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఉయ్యాలలో తమ్ముడు ఒక్కసారి గుక్కపట్టాడు. ఊపిరి తీసుకోవడం లేదనిపించేంత గుక్క. అమ్మ సాలు మధ్యలోంచి కాయలన్నీ పారబోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. మజ్జిగ ముంత పక్కనే ఉంది. దాన్ని దాటుకుని వచ్చి వాణ్ణి ఎత్తుకుంది, ముఖమంతా చేత్తో తుడిచింది. అంతే, వాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కళ్లు రెండూ కందగడ్డల్లా వాచిపోయాయి. కల్లం కాడినుంచి అవ్వ పరుగున వచ్చి, అమ్మను నాలుగు తిట్టి, మజ్జిగతో చేతులు కడిగించి, అమ్మ చేతనే చనుబాలు వాడి కళ్లలో పిండించింది. సాయంత్రానికి వాపు తగ్గింది. వాడు నిద్రపోయాడు, మేమే నిద్రపోలేదు.

ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అవి తనవి కానట్టు వాటినే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి నన్ను దగ్గరకు పిలిచింది. "రేపటి సంది బడికి పోకు బిడ్డా. తమ్ముణ్ణి ఇంటికాడనే పట్టుకో. కోతలు అయిపోయేదాంక" అంది. కోతలు అయ్యేసరికి పరీక్షలు కూడా అయిపోతాయి. మా వీధిలో తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎత్తుకోవడానికి బడి మానిన పిల్లలు మళ్లీ బడి ముఖం చూసింది లేదు. అది అమ్మకూ తెలుసు. నేను నాలుగో తరగతి. మా పంతులుగారు కొత్త పాఠం వస్తే పైకి చదివించేది నాతోనే. నేను గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఇంటికీ అవ్వ ఇంటికీ మధ్య తడిక ఒక్కటే అడ్డం. అటువైపు నుంచి అవ్వ దగ్గు వినిపిస్తూనే ఉంది.

తెల్లారి ముఠా అంతా మా వాకిలి ముందే పోగయింది. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడు అవ్వ అందరి ముందూ మేస్త్రీ మీద విరుచుకుపడింది. "ఏం పనయ్యా ఇది? కూసుని కూసుని నా నడుం పట్టేసింది. వంగి లేస్తుంటేనే నాకు పానం మంచిగుంటది. గీ కల్లం పని నాతోని కాదు, నేను సాలు పడత." ఆడవాళ్లంతా నోరు నొక్కుకున్నారు. అవ్వకు మళ్లీ పడుచుతనం వచ్చిందని ఒకామె వేళాకోళం చేసింది. మరి నీ చోట ఎవరని మేస్త్రీ అడిగితే, అవ్వ గిర్రున మా అమ్మ వైపు తిరిగింది. "ఇగో, ఈమెను కూసోబెట్టు. దీని పిల్లగాని ఏడుపుకు సాలుల మాకు చెయ్యాడుతలేదు."

మా అమ్మకు చుర్రుమంది. ఒకరి దగ్గర ఊరికే ఉప్పు కూడా తెచ్చుకునే మనిషి కాదు ఆమె. "నా పిల్లగాడు ఏడిస్తే నీకేందత్తా?" అని గట్టిగానే అడిగింది. అవ్వ దానికి ఇంకా గట్టిగా ఏదో అంది. కాసేపు ఇద్దరూ వాదులాడుకున్నారు. చివరికి అమ్మ కోపంతోనే నా చంకలోంచి తమ్ముణ్ణి లాక్కుని, "నువ్వేంది ఇంక నిలవడ్డవ్, బడికి పో" అని నన్ను కసిరి కల్లానికి నడిచింది. నన్ను తిట్టినందుకు అంత సంతోషం నాకు జీవితంలో మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

ఆ రోజునుంచి బడి వదలగానే నేను కల్లానికి పోయేదాన్ని. గాలి ఎటునుంచి వస్తుందో చూసి, ఘాటు తగలని మూలన పందిరి గుంజకు ఉయ్యాల కట్టుకునేది అమ్మ. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని, కాలు ఆడిస్తూ, చేతులతో తాలు ఏరేది. మజ్జిగ ముంత, ఉతికిన గుడ్డ చేతికందే దూరంలో ఉండేవి. వాడికి పాలిచ్చేటప్పుడు నా పుస్తకం తెరవమని, ఆ రోజు పాఠం చదవమనేది. ఆమెకు చదువు రాదు. అయినా నేను ఒక వరుస వదిలేస్తే కనిపెట్టేది.

అవ్వ మాత్రం పొద్దు గూకేవేళ అందరికన్నా ముందు చేలోంచి వచ్చేది. పందిరి ముందునుంచి పోయేటప్పుడు అంత వంగిపోయిన మనిషీ వీలైనంత నిటారుగా నడిచి, మా అమ్మకు వినబడేలా ఎవరినో ఒకరిని తిట్టిపోసేది. ఒక సాయంత్రం అమ్మ చెప్పిన పని మీద నేను ముందుగా ఇంటికొచ్చి, అవ్వ పెరట్లోకి తొంగిచూశాను. అవ్వ గోడ పట్టుకుని కూర్చోవడానికి ప్రయత్నిస్తోంది. సగం వంగి, మిగతా సగం వంగలేక, పళ్లు బిగబట్టి అక్కడే ఆగిపోయింది. నన్ను చూసి తిట్టబోయింది కానీ ఓపిక లేక పొయ్యి మీద కాగుతున్న నీళ్లు చూపించింది. నేను చెంబుతో ఆమె నడుం మీద మెల్లగా పోశాను. ఎముకలన్నీ లెక్కపెట్టేలా ఉన్న వీపు.

"అవ్వా, కూసుంటే కదా నీకు నొప్పి?" అని అడిగాను.

"అవ్, అట్లనే అన్న."

"మరి?"

ఇంకో చెంబు పొయ్యమన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "ఊకె ఇస్తే మీ అమ్మ తీసుకోదు బిడ్డా. నాకొద్దని ఇడిస్తేనే పట్టుకుంటది" అంది. ఆ వెంటనే ఆమె అసలు గొంతు ఆమెకు వచ్చేసింది. "మీ అమ్మకు చెప్పినవనుకో, తోలు తీస్త."

నేను చెప్పలేదు. భయం వల్ల కాదు, ఆ వీపు చూశాక చెప్పబుద్ధి కాలేదు.

కానీ మా అమ్మ అమాయకురాలని అవ్వ అనుకుంది చూడండి, అక్కడే ఆమె లెక్క తప్పింది. కొన్నాళ్లకు నేను ఒక సంగతి గమనించాను. అమ్మ తెల్లవారకముందే బావికి పోయి వచ్చి, అవ్వ గాబులో నీళ్లు ఒంపుతోంది. అదేందని అవ్వ అరిస్తే, "బిందె ఎక్కువైంది అత్తా, మా ఇంట్ల పొయ్య జాగ లేదు" అనేది. ఊరి చివర బావినుంచి మోసుకొచ్చే నీళ్లు ఎవరింట్లోనైనా ఎక్కువవుతాయా? రాత్రిపూట కూర గిన్నె తడిక మీదుగా అందిస్తూ, ఉప్పెక్కువైంది, మా పిల్ల తినట్లేదు అని నన్ను ఆడిపోసుకునేది. అదే కూర నేను అప్పుడే వేళ్లు నాకుతూ తిని ఉండేదాన్ని. ఉప్పు సరిగ్గానే ఉండేది. అవ్వ ఆ గిన్నె అందుకుని, ఈ కాలం ఆడపిల్లలకు వంట చాతకాదని సణుగుతూ లోపలికి పోయేది.

కోతలయ్యేదాకా ఇద్దరూ అలాగే పోట్లాడుకున్నారు. ఒకరి అబద్ధం ఇంకొకరికి తెలుసు. ఏ ఒక్కరూ దాన్ని బయటపెట్టలేదు. నేను పరీక్షలు రాశాను, ఐదో తరగతికి వచ్చాను. మరుసటి యేడు తమ్ముడు నడక నేర్చాడు. అవ్వ తన నడుం నొప్పి తగ్గిందని ప్రకటించి, పోయి పందిరి కింద కాళ్లు బారచాపుకుని కూర్చుంది. మా అమ్మ కిక్కురుమనకుండా సాలు పట్టింది. నేను మా ఊరి లెక్కకు పెద్ద చదువే చదివి, అంగన్‌వాడీ టీచరునై, ఎందరో తల్లుల పిల్లలను చూసుకున్నాను. ఆ రోజుల్లో అవ్వను తలచుకోని దినం లేదు. నా మొదటి జీతం చూడకుండానే పోయింది. ఆ బాధ నాకు తీరదు.

ఇప్పుడు నేను ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. కోడలు ఆఫీసుకు పోతుంది. ఇద్దరు చిన్నపిల్లలు. పొద్దున స్కూటీ ఎక్కేటప్పుడు కోడలు వెనక్కి తిరిగి చూసే చూపులో నాకు సాలులోంచి తలెత్తిన మా అమ్మ కనిపిస్తుంది. మొన్న మా వీధి ఆడవాళ్లంతా బండి మాట్లాడుకుని భద్రాచలం దర్శనానికి బయల్దేరారు. నేను ఎన్నాళ్లనుంచో అనుకుంటున్న ప్రయాణం. సరిగ్గా ఆ రోజే కోడలి ఆఫీసులో పెద్ద మీటింగు పడింది. "లీవు పెడత అత్తయ్యా, మీరు పోయిరండి" అంది కానీ, ఆ లీవు పెడితే ఆమె ఎన్ని మాటలు పడాల్సి వస్తుందో ముఖంలోనే తెలుస్తోంది.

"నాకు ఆ ఘాట్ రోడ్డు పడదమ్మా, వాంతులైతయ్. వాళ్లు ఊకె పిలుస్తుంటే ఎట్ల తప్పించుకోవాల్నో అనుకుంటున్న" అన్నాను. మా తోవలో ఘాట్ రోడ్డే లేదు. కోడలు ఆఫీసుకు వెళ్లింది.

పోయిన ఆదివారం పొద్దున్నే ఇంటిముందు కారు వచ్చి ఆగింది. కోడలు పిల్లలకు టోపీలు పెడుతూ, నా ముఖం వైపు చూడకుండా చెప్పింది. "పిల్లలు భద్రాచలం పోయి గోదారి చూస్తమని ఒకటే లొల్లి అత్తయ్యా. మీరు లేకుంటే వీళ్లు నాతోని ఆగరు. ముందు సీట్ల కూసోండి, వాంతులు కావు."

నేను పిల్లల వైపు చూశాను. పెద్దవాడు బిస్కెట్లు తప్ప ఇంకేమీ అడగడు. చిన్నదానికి ఇంకా మాటలే రాలేదు. గోదారి కోసం లొల్లి చేసింది వీళ్లలో ఎవరని నేను అడగలేదు. "ఏం జేస్తం మరి, పిల్లల కోసం తప్పుతదా" అని సణుగుతూ, చీర మార్చుకోవడానికి లోపలికి పోయాను.