తీపి వాసన లేదన్నాను

మోసం అనకండి. ఆ ఒక్క మాటా తీసేస్తే మిగతాది ఎంతసేపైనా వాదించుకుందాం. పొద్దున్నుంచీ మా కాలనీ గ్రూపులో మళ్ళీ ఇదే గోల. "ఆ గీదం ముసలాయనకి అసలు వాసనే తెలీదు కదా, ముక్కు లేని మెకానిక్. ఇన్నేళ్ళూ పొగ చూసి బండి రోగం చెప్తానని జనాన్ని మోసం చేశాడు" అని ఒకాయన పెట్టాడు. కింద వరసగా నవ్వే బొమ్మలు. జవాబు టైప్ చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైప్ చేశాను. ఇంతలో కింది క్వార్టర్‌లో ప్రసాద్ అంకుల్ కారు స్టార్ట్ చేశాడు. మొన్న ఆదివారం ఆయనే సొంతంగా ఇంజన్ విప్పి బిగించుకున్నాడు. తెల్లటి పొగ లేచి మా బాల్కనీ దాకా వచ్చింది. అందులో సన్నగా తీపి వాసన, బెల్లం పాకం అడుగంటినట్టు. నా వేలు ఫోన్ మీద అలాగే ఆగిపోయింది. ఆ వాసన ఉందా లేదా అని ఒకాయన నన్ను మూడుసార్లు అడిగాడు. మూడోసారి నేను లేదన్నాను. అది గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను పెరిగిందంతా వైజాగ్‌లో, అమ్మమ్మ దగ్గర. నాన్నకి ఇక్కడ కిరండూల్ ఇనుప గనుల్లో ఉద్యోగం. నా ఉద్యోగం ఊడాక రెండేళ్ళ కిందట రైలెక్కి వచ్చేశాను. ఇక్కడ ఉతికి ఆరేసిన తెల్ల చున్నీ సాయంత్రానికి ఇటుక రంగుకి తిరుగుతుంది. నెట్ ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు దాన్ని తిట్టుకుంటూ డాబా మీద తిరగడమే. ఆ తిరుగుడులోనే నాన్న పాత కారు మీద పడ్డాను. అది ఊరికే వేడెక్కుతోంది, హెడ్ గాస్కెట్ పోయిందన్నారు. ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పల్చటి రేకు అది. సరిగ్గా కూర్చోకపోతే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు మంట మండే చోటికి దిగిపోయి, వెనక నుంచి తెల్ల పొగై వస్తాయి. "జగదల్‌పూర్‌లో ఇచ్చేద్దాం" అన్నాడు నాన్న. నేను చేస్తానన్నాను. "నువ్వా? గ్యాస్ బండకి రెగ్యులేటర్ పెట్టడం రాదు నీకు" అన్నాడు. ఆ మాట మీద కోపంతోనే చేశాను. వీడియోలు దింపుకుని, రెండు వారాలు గోళ్ళ నిండా గ్రీజుతో విప్పి, రేకు మార్చి, బిగించాను. కారు స్టార్టయింది. వెనక పొగ కూడా లేచింది. నాన్న పేపరు దించి చూసి, "శభాష్. దోమల మందు కొట్టే బండి తయారైంది" అన్నాడు.

నవ్వుకోడానికి టైం లేదు. అమ్మకి కంటి ఆపరేషనయింది. శుక్రవారం జగదల్‌పూర్‌లో డాక్టరు చూడాలి, కారులో నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను. గురువారం పొద్దున్నే రేడియేటర్‌లో పోయడానికి నాలుగు బాటిళ్ళ నీళ్ళు వెనక సీట్లో పడేసుకుని గీదం వెళ్ళాను. కూడలి దగ్గర రేకుల షెడ్డులో ముత్తయ్య అనే మెకానిక్ ఉన్నాడని, పొగ చూసి లోపలేముందో చెప్తాడని లారీ డ్రైవర్లు అంటారు. అందరూ కాకా అనే పిలుస్తారు. కోంట అవతల సరిహద్దు ఊరాయన, పని నేర్చుకుంది భద్రాచలం వైపు. డ్రైవర్లతో హిందీ, సంతకొచ్చినవాళ్ళతో గోండీ, నాతో తెలుగు, ఒక్క నిమిషంలో మూడూ మాట్లాడేవాడు. నేను దిగీ దిగగానే బానెట్ ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా. ముందుగాల నువ్వేం చేసినవో చెప్పు."

"వీడియో ఉంది కాకా, చూపిస్తా."

"ఆ వీడియో ఆయన ఏం చేసిండో నాకెందుకు? ఫోను బోర్లా పెట్టి నువ్వేం చేసినవో చెప్పు."

నన్ను ఫోన్ పక్కన పెట్టమన్న మొదటి మనిషి ఆయనే, మా అమ్మమ్మ కూడా అనలేదు. ఒళ్ళు మండినా చెప్పాను. బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టావా అన్నాడు. అవునన్నాను. అన్నింటిని వరసగా ఎన్ని చుట్లు బిగించినవ్ అన్నాడు. మూడన్నాను. మూడు కాదు. ఒక చుట్టు అయ్యేసరికి వీడియో ఆగిపోయింది, సగమే దిగింది. బోల్టులు గట్టిగానే ఉన్నాయి కదా అని వదిలేశాను. పొద్దున్నే ఒక ముసలాయన ముందు ఇదంతా ఒప్పుకోవడం దేనికని మూడు అనేశాను, అంతే.

ఆయన పక్క హోటల్లో భజియాలు పెట్టిచ్చే ఆకు దొన్నె ఒకటి తెచ్చి, విప్పి, సైలెన్సర్ మూతి దగ్గర పట్టుకున్నాడు. ఆకు మీద చుక్కలు చేరాయి. ఎండలో పెట్టాడు. "ఉత్త నీళ్ళయితే ఆరినంక ఆకు ఆకు లెక్కనే ఉంటది. ఇంజన్ నూనె అయితే మెరుస్తది. రేడియేటర్ నీళ్ళల్ల మందు కలుపుతరు గద, గవయితే జిగట, తీపి వాసన" అని బొటనవేలితో తడిమి చూపించాడు. జిగటగానే ఉంది. "ఇప్పుడు వాసన చూసి చెప్పు."

"మీరు చూడండి."

"బండి నీది. ముక్కు నీది. చూడు."

ముసలాయన ఫోజులు కొడుతున్నాడనుకున్నాను. వంగి చూసి, తీపిగా ఉందన్నాను. గట్టిగా ఉందా, సన్నగా ఉందా? గట్టిగానే. అయినా ఆయన స్పానర్ ముట్టుకోలేదు. "విప్పినప్పుడు కారిన నీళ్ళు సైలెన్సర్ల పడి ఉంటయ్. అవి ఎండేదాక పొగ రాక ఏమైతది? పో, బార్సూర్ మలుపు దాక కొట్టుకరా."

"విప్పి చూస్తే తేలిపోతుందిగా కాకా!"

"పోయే పొగ కోసం ఇంజన్ విప్పుడేంది? రోడ్డు మీద ఎండనియ్యి."

వెళ్ళొచ్చాను. రెండో ఆకు మీద జిగట తగ్గింది, తీపి సగమైంది. "ఇంకోపాలి పోయిరా. ఇంకా తగ్గితే నీ పని మంచిదే. తగ్గకపోతే లోపల కారుతున్నట్టు, విప్పుడే" అన్నాడు. నేను తిరిగొచ్చేసరికి సన్నగా జల్లు మొదలైంది. మూడో ఆకు పట్టుకుంటే గాలికి దాని మీద వాన చుక్కలు పడి, ఏది ఏ నీరో తెలీకుండా పోయింది. ఇంకో ఆకు తెచ్చాడు, అదీ అంతే. నా వైపు తిరిగాడు.

"ఆకు చెప్తలేదు. నువ్వు చెప్పు. తీపి ఉన్నదా?"

ఉంది. రెండోసారి ఎంతుందో అంతే ఉంది. ఉందంటే ఇంజన్ విప్పాలి, అమ్మ ప్రయాణం ఆగాలి, నాన్న దోమల బండి జోకు కాలనీ అంతా తిరగాలి, మూడు చుట్లన్న అబద్ధం బయటపడాలి.

"లేదు కాకా."

"మంచిగ చూసినవా?"

"లేదంటున్నాగా!"

"సరే. నువ్వు లేదంటే లేదు. పో."

మర్నాడు గీదం దాటి, జగదల్‌పూర్ దారిలో ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ వేడి చూపించే సూది ఎర్ర గీత దాటింది. పక్కకి ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి, వెనక పొగ. అమ్మ నల్ల కళ్ళద్దాలతో కూర్చుని, "ఏమయిందే?" అంది. ఏం కాలేదన్నాను. "ఏం కాకపోతే మబ్బుల్లో ఉన్నామేంటి?" అంది. డాక్టరు దగ్గరికి చేరలేదు. ఫోన్లో నాన్న అరుపులు. "బాగుందని పంపాడుగా ఆ ముసలాడు!" నేను కాదనలేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చునుండగానే గ్రూపులో నాన్న మెసేజ్ వచ్చింది. గీదం ముత్తయ్య దగ్గరికి ఎవరూ వెళ్ళకండి, చెడిన బండిని బాగుందని పంపించాడు, కళ్ళు ఇంకా బాగవ్వని మనిషి నడిరోడ్డు మీద ఇరుక్కుంది. ఒకరి తర్వాత ఒకరు, మేమూ వెళ్ళం, మేమూ వెళ్ళం. కారుని ఇంకో బండికి కట్టి లాగించి ఇంటికి తెచ్చాం. మూడు రోజులు ఆ మెసేజ్ కింద జవాబు పెట్టాలని ఫోన్ తియ్యడం, పెట్టకుండా జేబులో పెట్టడం. అన్నం తినే టైంలో కూడా అదే. నిద్రపట్టక కాదు, కూర్చోబుద్ధి కాక చచ్చాను.

నాలుగో రోజు బస్సులో గీదం వెళ్ళాను. కాలనీ బండి ఒక్కటీ లేదు. ఒక లారీ కింద కాకా కాళ్ళు కనపడ్డాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను, మొహం చూస్తే మళ్ళీ అబద్ధం చెప్తానేమోనని. "తీపి వాసన ఉంది కాకా. బోల్టులు కూడా ఒక్క చుట్టే బిగించాను." అరుస్తాడనుకున్నాను. అరిస్తే నేనూ అరవొచ్చనుకున్నాను. ఆయన లారీ కిందినుంచి జరిగి లేచి కూర్చుని చేతులు తుడుచుకున్నాడు.

"జరమొచ్చినప్పుడు నా ముక్కు పోయింది బిడ్డా. ఆరేండ్లాయె. పెట్రోలు సీసా ముక్కు కాడ పెట్టుకున్నా తెల్వదు. గందుకే అడుగుత."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవలడిగిండ్రు? లారీ డ్రైవర్లకు ఎరికే. వాళ్ళు చూసి చెప్తరు, నేను ఇని చెప్త."

"వాళ్ళు అబద్ధం చెప్తే?"

"లోయ పక్కన బండి నడిపేటోడు ఎందుకు చెప్తడు?" అన్నాడు. దెప్పడానికి కాదు, నిజంగానే ఆయనకి అర్థంకాక అడిగినట్టు. నాకు మాత్రం అమ్మ నల్ల కళ్ళద్దాలు, ఘాట్ మలుపు, పక్కన లోయ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

ఆ వారం కారుని ఆయన షెడ్డుకే లాక్కెళ్ళాం. ఆయన స్టూలు మీద, నేను ఇంజన్ మీద. నేను పెట్టిన రేకు తీస్తే మూడు వైపులా అచ్చు పడింది, ఒక మూల ఏమీ లేదు. "ఈ మూలకి నీ చెయ్యి రాలే" అన్నాడు. కొత్తది పెట్టి, మధ్యలోంచి బయటికి, కొంచెం కొంచెంగా మూడు చుట్లు బిగించాను. నాకు విసుగొచ్చి గుంజినప్పుడల్లా, "కోపం బోల్టు మీద చూపియ్యకు, తెగుతది" అనేవాడు. ఫోన్ ఆయన సామాన్ల డబ్బాలో. రెండు రోజులు రోడ్డు మీద తిప్పి ఎండబెట్టాక ఆకు ఆకులాగే ఆరింది. ఈసారి రెండుసార్లు వంగి వాసన చూసి లేదన్నాను. ఆయన మాత్రం అదే మాట అన్నాడు. "నువ్వు లేదంటే లేదు." ఆ కారులోనే అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

అక్కడితో ఆపితే బాగుండేది. డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, ఊపు మీద, గ్రూపులో రాసేశాను. కాకా తప్పేం లేదు, ఆయనకి వాసన తెలీదు, నన్ను నమ్మి అడిగాడు, నేను అబద్ధం చెప్పాను. నేను చెప్పాలనుకుంది చివరి ముక్క. జనం చదివింది రెండో ముక్క. తెల్లారేసరికి ముక్కు లేని మెకానిక్ అని పేరు పడింది. నాన్న ఫోన్ బల్ల మీద పెట్టి నెమ్మదిగా అన్నాడు. "నీ తప్పు నువ్వు చెప్పుకున్నావ్, బాగుంది. ఆయన సంగతి చెప్పడానికి అది నీదా?" నాన్న అరవకుండా తిట్టింది ఆ ఒక్కసారే. కాకాకి చదివి వినిపిస్తే ముక్కు మీద వేలితో కొట్టుకుని, "ముక్కు ఉన్నది గదనే, వాసనే లేదు. సరిగ్గ రాయమను" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కాలనీ బండ్లు ఆయన దగ్గరికి మళ్ళీ రాలేదు. లారీలు ఎప్పటిలాగే వచ్చాయి. ప్రతి ఆదివారం నేనూ వెళ్ళాను. ఈ వానాకాలం కాకా తన తమ్ముడి పొలంలో నాట్లకని ఊరెళ్ళాడు. షెడ్డుకి తాళం. ఆ ఊళ్ళో సిగ్నల్ ఉండదు. ఎప్పుడొస్తాడో తెలీదు, రోజుకి పదిసార్లు ఫోన్ చేసి చూస్తాను.

పొద్దున ఆ పొగ వాసనకి ఫోన్ మంచం మీద పడేసి, ఒక ఆకు దొన్నె పట్టుకుని కిందికి దిగాను. ప్రసాద్ అంకుల్ వీడియో చూపించబోయాడు. బోర్లా పెట్టించాను. ఏం చేశారో మొదట్నుంచి చెప్పమన్నాను. ఆకు పట్టాను, ఎండలో పెట్టాను. "వాసన చూసి చెప్పండి అంకుల్" అన్నాను. "నీకు ముక్కు లేదా?" అన్నాడు. ఉంది, మీరు చెప్పండి అన్నాను. గుమ్మంలో ఆంటీ సంచులతో రెడీగా నిలబడుంది. ఆయన ఆవిడ వైపు చూశాడు, కారు వైపు చూశాడు. "ఏం లేదమ్మా, మామూలే" అన్నాడు. ఆ మొహం నాకు తెలుసు. మళ్ళీ అడిగాను. ఆకు ఇంకోసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "కొంచెం తీపిగానే ఉంది" అన్నాడు.

నాకు ముక్కుంది కాబట్టి రెండోసారి అడిగాను. కాకాకి వాసన తెలీదు కాబట్టి నా మాట నమ్మాడు. గ్రూపులో నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళందరినీ అడుగుతున్నా, మిమ్మల్ని కూడా. వాసన తెలీక అడిగినవాడిదా మోసం, తెలిసి లేదన్నదానిదా?