చివరి కాలువకు పది రోజులు

మా బీరువాలో చొక్కాల వెనక వెండిరంగు కప్పు ఒకటి ఉంది. దాని మీద చెక్కిన అక్షరాలు కనపడకుండా గోడవైపు తిప్పి పెట్టాను. పోయిన చలికాలం సముద్రం ఒడ్డున ఉన్న ఒక పడవల క్లబ్బు వాళ్లు ఇచ్చారు. గెలిచినందుకు కాదు, నాకు వచ్చింది ఐదో స్థానం. నిజాయతీగా పడవ నడిపినందుకట. నా భార్య రెండుసార్లు దాన్ని తీసి టీవీ పక్కన పెట్టింది, రెండుసార్లూ నేను తెచ్చి మళ్లీ లోపల పడేశాను. మూడోసారి ఆమె ముట్టుకోలేదు.

కడప నుంచి ఏటా చలికాలంలో ఆ క్లబ్బుకు వెళతాను. తెరచాప కట్టిన చిన్న పడవల పందేలు. ఒక్కో పడవలో ఇద్దరు. వెనకవాడు చుక్కాని పట్టుకుంటాడు, ముందువాడు అంచు మీద కూర్చుని వీపు నీళ్లకు తగిలేంతగా వెనక్కి వాలి, పడవ ఒరిగిపోకుండా బరువు వేస్తాడు. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు, "మీ సీమలో తాగడానికే నీళ్లుండవంటారు, పడవ ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే చెప్పాల్సి వస్తుంది.

ఈ పందేల్లో ఒక పద్ధతి ఉంది. నీళ్ల మీద తప్పు పట్టడానికి అంపైరు ఉండడు. మలుపు దగ్గర తేలే గుర్తుకు పడవ తగిలితే, తగిలించినవాడే ఒప్పుకుని, పడవను ఒక చుట్టు తిప్పి, ఆ తర్వాతే ముందుకు పోవాలి. ఎవరూ చూడకపోయినా తిప్పాలి. పోయిన చలికాలం నా పడవ తగిలింది. ఎవరూ చూడలేదు. నేను తిప్పాను. సాయంత్రం ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని నన్ను ఆకాశానికెత్తేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. నన్ను పొగుడుతున్నందుకు వాళ్ల మీద, నిలబడి వింటున్నందుకు నా మీద.

పడవ నేర్చుకున్నది సముద్రంలో కాదు. కర్నూలు, కడప జిల్లాలు కలిసే చోట, మా ఊరికి పైన ఒక రిజర్వాయరు ఉంది. వానలు మంచిగా పడిన ఏడు అది కార్తీకం నాటికి నిండేది. రిటైరైన ఇంజనీరు ఒకాయన సముద్రపు క్లబ్బు వాళ్లు వద్దనుకున్న నాలుగు పాత పడవలు లారీలో తెప్పించి, కట్ట మీద రేకుల షెడ్డు వేసి, క్లబ్బు అన్నాడు. ఆయనే సెక్రటరీ. ఈత వచ్చిన కుర్రాళ్లు కావాలంటే, కాలువలో పడి పెరిగిన మేమిద్దరం వెళ్లాం. నేను, నా స్నేహితుడు.

మాది కాలువ మొదట్లో భూమి, సొంతం. వాళ్లది కాలువ చివర మూడెకరాలు, కౌలు. వాళ్లు ముస్లింలు, మేము రెడ్లం. అయినా వాళ్ల నాయనను నేను మామా అనే పిలిచేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆ పిలుపులో వేళాకోళం కొంచెమే, చనువు ఎక్కువ.

మాకు గాలి నేర్పింది ఆ మామే. సెక్రటరీ చేతిలో పుస్తకం ఉండేది, బాణాల గుర్తులతో బొమ్మలుండేవి. మామ చేతిలో చేట ఉండేది. కళ్లంలో ఎత్తుపీట మీద నిలబడి కందులు తూర్పార పట్టేటప్పుడు ఆయన కళ్లు మూసుకునేవాడు. "గాలి వొచ్చే ముందర చెవి ఎనకాల సల్లగైతాది. మొగానికి తగిలినాంక ఎత్తితే అప్పటికే ఆలీశం" అనేవాడు. చేట ఎత్తాడంటే లెక్కగా అప్పుడే గాలి వచ్చేది. గింజలు కాళ్ల దగ్గర, పొట్టు పది అడుగుల అవతల. నీళ్ల మీద మా ఇద్దరికీ ఆ చెవి వెనక చల్లదనమే పనికొచ్చింది. మిగతా పడవలు గాలి వచ్చాక తిరిగితే, మేము వస్తుండగానే తిరిగేవాళ్లం.

డిగ్రీ అయిపోయి మూడేళ్లు ఇద్దరం ఖాళీగా ఉన్నాం. ఆ చలికాలమే సెక్రటరీ ఎవరెవరి కాళ్లో పట్టుకుని రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు మా రిజర్వాయరుకు తెప్పించాడు. మొదటి రెండు పడవల్లో ఉన్నవాళ్లకు సర్టిఫికెట్, దానితో ఆటల కోటాలో ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. మాకు దొరికే అవకాశం అదొక్కటే అని అందరికీ తెలుసు. ఊళ్లో ఎదురైన ప్రతివాడూ "ఏమప్పా, గెలుస్తాండారా?" అని అడిగేవాడు.

చిక్కల్లా తూము దగ్గర వచ్చింది. పుష్యంలో వేరుశనగకు నీళ్లు వదలాలి. వదిలితే రిజర్వాయరు దిగిపోతుంది, పడవలు దించే సిమెంటు వాలు దాటి మోకాల్లోతు బురద తేలుతుంది, పోటీలు ఉండవు. సెక్రటరీ ఇరిగేషన్ ఆఫీసుకు పోయి పది రోజులు ఆపమని అడిగాడు. అక్కడి అధికారి తెలివైనవాడు. కాలువ చివరి రైతులు మాకు అభ్యంతరం లేదని రాసిస్తే ఆపుతానన్నాడు. మొదట్లోవాళ్లకు ఎప్పుడు వదిలినా నీళ్లు అందుతాయి, గొడవ చేసేది చివరివాళ్లే కాబట్టి.

"నువ్వు మంచి తెలుగు రాస్తావు, నువ్వే రాసి సంతకాలు తీసుకురా" అన్నాడు సెక్రటరీ నాతో.

నా స్నేహితుడు వద్దన్నాడు. "మా నాయనను అడగాకు."

"ఎందుకు? కాదంటాడా?"

"కాదనడు. అందుకే అడగాకు అంటాండా."

వాడు పాత తెరచాప కుట్టించడానికి కర్నూలు పోయిన రోజు చూసుకుని నేను చేనికి వెళ్లాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, అయినా జరిగింది అదే.

మామ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చేను పసుపు పూలతో నిండి ఉంది. వేరుశనగకు అదే గండం. పూత నుంచి ఊడ దిగి, మట్టిలోకి దూరితేనే కాయ. మట్టి మెత్తగా లేకపోతే ఊడ పైపైనే ఎండిపోతుంది. మామ ఒక మొక్కను వేలితో పక్కకు వంచి నాకు చూపించాడు. సన్నటి ఊడలు మట్టికి అంగుళం పైన వేలాడుతున్నాయి.

నేను కాగితం చదివి వినిపించాను. ఆయన అంతా విన్నాడు.

"ఎన్ని దినాలంటివి?"

"పది దినాలు మామా."

కాసేపు కాలువవైపు చూశాడు. "ఈ కాలవకు గూడా పది దినాలేనా అల్లుడా?"

"పది దినాలే."

తూము పది రోజులు ఆలస్యమైతే చివరి కాలువకు పది రోజులు కాదు. చేలు ఎండి ఉంటాయి కాబట్టి మొదట్లోవాళ్లంతా ఎగబడి రెండింతలు మళ్లించుకుంటారు. వాళ్ల కడుపు నిండాక మిగిలినదే కిందికి పోతుంది. ఇది నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎగబడి మళ్లించుకునే ఇంట్లోనే పుట్టాను.

మామ పెన్ను తీసుకుని కుడి నుంచి ఎడమకు ఉర్దూలో సంతకం పెట్టాడు. ఆయన పెట్టాక మిగతా చివరి కాలువ రైతులు ఒక్క మాట అడగలేదు. "మన పిల్లోళ్లే గదా" అని పెట్టేశారు. సాయంత్రానికి కాగితం నిండింది. నేను ఈల వేసుకుంటూ సైకిలు తొక్కాను. అదీ గుర్తుంది.

పోటీ రోజు నా స్నేహితుడు రాడనుకున్నాను. వచ్చాడు. సంతకాల సంగతి తెలిసి వారం నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. "మా నాయన పొమ్మన్న్యాడు" అని ఒక్క మాట అని పడవ ముందు భాగంలో కూర్చున్నాడు.

పొద్దున చలిగాలి తూర్పు నుంచి విసిరి కొడుతోంది. చివరి పందెంలో మేమే ముందున్నాం. సముద్రం నుంచి వచ్చిన కొత్త పడవలు మా వెనక ఉన్నాయి. గట్టు మీద ఊరంతా ఉంది. మాకు గుర్తులుగా పెట్టినవి నారింజ రంగు పూసిన ప్లాస్టిక్ డ్రమ్ములు. ఆఖరి డ్రమ్ము దగ్గర నేను ఆత్రపడి దగ్గరగా తిప్పాను. పడవ వెనక అంచు దానికి రాసుకుంది. చిన్న శబ్దం.

"తగిలింది" అన్నాడు వాడు.

"ఎవరూ చూల్యా."

"తిప్పు."

"రేయ్, గెలిచేస్తాండాం రా."

వాడు వెనక్కి వాలినవాడు వాలినట్టే లేచి పడవ మధ్యలోకి వచ్చి కూర్చున్నాడు. అంచు మీద బరువు లేక పడవ ఒరిగింది, ఇక నేను తిప్పక తప్పలేదు. మేము చుట్టు తిరుగుతుండగా ఒక కొత్త పడవ మమ్మల్ని దాటిపోయింది. రెండో స్థానం వచ్చింది. సర్టిఫికెట్‌కు అది చాలు. గట్టు మీద ఈలలు, డప్పులు. మామ జనంలో నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

మర్నాడు తూము ఎత్తారు. మా నాయన "ఇంజను పెట్టు పోరా, నీళ్లు పోతాండాయి" అన్నాడు. నేనే పోయి కాలువ మీద ఆయిల్ ఇంజను పెట్టి పైపులు వేశాను. నాలుగు రోజులు రాత్రీ పగలూ ఆడించాం. మా చుట్టుపక్కల ఇంకెన్నో ఇంజన్లు. ఆ చప్పుడు చివరి కాలువ దాకా వినపడే ఉంటుంది.

వాళ్లకు నీళ్లు చేరేసరికి నెల దాటింది. ఊడలు ఎండి, గడ్డం వెంట్రుకల్లా మొక్కలకు వేలాడాయి. మామ మొక్క పీకితే వేరుకు మట్టి తప్ప ఏమీ లేదు. పంట నష్టం రాసుకోవడానికి ఆఫీసు వాళ్లు వచ్చినప్పుడు చివరి కాలువ రైతులంతా చెట్టు కింద చేరారు. నేనూ వెళ్లి ఒక పక్కన నిలబడ్డాను. వచ్చినాయన సంచిలోంచి ఒక కాగితం తీసి, "నీళ్లు ఇప్పుడే వద్దని మీరే రాసిచ్చారు కదా" అని చదివాడు. నా రాత. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఎవరూ నావైపు తిరగలేదు. తిరిగి తిట్టి ఉంటే బాగుండేది. నా స్నేహితుడు కాగితాన్ని ఒకసారి చూసి, అక్కడి నుంచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మామ కౌలు వదిలేశాడు. నా సర్టిఫికెట్‌తో నాకు కడపలో ఉద్యోగం వచ్చింది. వాడికీ అదే సర్టిఫికెట్ ఉంది, కానీ దరఖాస్తు పెట్టలేదు. పెట్టమని నేను మనిషి చేత కబురు పంపితే, "ఆ కాగితం జూపిచ్చి అన్నం తినలేను" అన్నాడట. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల మీద పట్టలు కట్టే పనికి పోయాడు. నేను మాత్రం పన్నెండేళ్లుగా తింటూనే ఉన్నాను.

కప్పు ఇచ్చిన వారం తర్వాత ఎర్రగుంట్ల వెళ్లాను. వాడు లారీ పైన ఉన్నాడు. గాలికి పట్ట లేచి కొట్టుకుంటోంది. వాడు దానితో పోట్లాడకుండా, కాస్త ఆగి, గాలి తగ్గే క్షణం చూసి ఒక్క లాగుతో దించేశాడు. నన్ను చూసి, "ఆ తాడు పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. కట్టడం అయ్యాక కిందికి దిగి టీ చెప్పాడు. కప్పు సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, బహుశా వాడు నవ్వుతాడనుకున్నాను.

నవ్వలేదు. "నాకు చెప్పేదానికి ఈడిదాకా వొస్తివి. మా నాయన ఊర్లోనే ఉండాడు గదా" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి మళ్లీ లారీ ఎక్కాడు.

అక్కడి నుంచే బస్సెక్కి ఊరికి వెళ్లాను. మామ ఇప్పుడు కూలికి తూర్పార పడతాడు. ఎవరివో కందులు. కళ్లంలో ఆయన ఒక్కడే ఉన్నాడు, ఎత్తుపీట మీద. "ఎప్పుడొస్తివి అల్లుడా, బువ్వ తిన్యావా?" అన్నాడు. మారని ఆ పిలుపు నాకు చెంపదెబ్బలా తగిలింది.

దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"మామా, ఆ పొద్దు పది దినాలు కాదని నాకు తెల్సు" అన్నాను.

ఆయన చేటలోకి కందులు ఎత్తుకుంటున్నాడు. "నాగ్గూడా తెల్సులేప్పా. ఇరవై ఏండ్లు ఆ కాలవ కిందనే గదా చేసింది."

"మరి నన్నెందుకు అడిగితివి?"

"నువ్వు చెప్తావేమోనని."

కోపం లేదు, కనీసం నాకు వినపడలేదు. ఆయన కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి నాకు కూడా చెవి వెనక చల్లగా తగిలింది.

"గాలొస్తాండాది. పక్కకు జరుగు, పొట్టు కండ్లల్లో పడతాది" అన్నాడు.

నేను పక్కకు జరిగాను.