టీసీ అడగడానికి వెళ్ళిన రోజు

నా చిన్నప్పుడు, మౌలాలిలోని మా సర్కారు ప్రాథమిక బడిలో ఐదు తరగతులకు కలిపి ఒక్క మేడమే మిగిలారు. లెక్కలు చెప్పే సారు బదిలీ అయి వెళ్ళాక ఆయన చోటుకు ఎవరూ రాలేదు. మేడం మా నాలుగో తరగతికి ఒక లెక్క ఇచ్చి, మేం అది చేసేలోగా ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించి వచ్చేవారు. పాపం, ఆమె రోజంతా గదుల మధ్య తిరుగుతూనే ఉండేవారు. అయినా ఏడాది చివరికి నాకు పెద్ద భాగహారాలు రాలేదు.

నాన్న ఒక చిన్న షెడ్డులో ఇనుప భాగాలు చెక్కే లేత్ మిషన్ మీద పని చేసేవాడు. ఆ వేసవిలో ఇంట్లో ఎప్పుడూ నా బడి మాటే. ఇప్పుడు విడదీసి చూస్తే అప్పుడు మా ముందు మూడు దారులుండేవి. ఒకటి, సందు చివరి ప్రైవేటు బడి. దాని ఫీజు విన్నాక నాన్న మళ్ళీ దాని ఊసెత్తలేదు. రెండోది, మెట్టుగూడలో పదో తరగతి దాకా ఉన్న సర్కారు బడి. అక్కడ సార్లు నిండుగా ఉన్నారని పేరు. కానీ బయటి ఏరియా పిల్లలను తీసుకోరని మా గల్లీలో అందరూ అనేవారు. అన్నవాళ్ళలో వెళ్ళి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మేమూ అడగలేదు. ఇక మిగిలింది గురుకులం. దాని పరీక్ష రాశాను, ఎలాగో సీటు వచ్చింది, ఎక్కడో దూరపు ఊళ్ళో. హాస్టల్లోనే ఉండాలి.

గురుకులం చెడ్డదేమీ కాదు. అక్కడ చదివి బాగుపడ్డ అన్నలు మా గల్లీలోనే ఉన్నారు. నాకు మాత్రం అమ్మ పక్కన లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఆ సంగతి చెబితే పరువు పోతుందని నోరు మూసుకున్నాను. అమ్మ కూడా ఏమీ అనకుండా నా చొక్కాల మీద పేరు కుట్టడం మొదలుపెట్టింది.

ఏ బడికి మారాలన్నా ముందు పాత బడి నుంచి టీసీ తెచ్చుకోవాలి. "ఆ మేడం టీసీ ఇయ్యదు సూడు. ఇంకిద్దరు పిల్లలు తగ్గితే బడే మూసేస్తరట" అని పక్కింటి అత్త అమ్మను భయపెట్టింది. పైగా నాకు జ్వరం వచ్చిన రోజు స్కూటీ మీద ఇంటికి తెచ్చి దింపిన మనిషితో, మీ బడిలో చదువు సాగడం లేదని ఎలా చెప్పడం? అందుకని అమ్మ ఒక అబద్ధం తయారుచేసింది. నాన్నకు కాజీపేటలో పని దొరికింది, ఇల్లు మారుతున్నాం. బడికి వెళ్ళే దారంతా నా చేత అదే వల్లె వేయించింది.

మేడం విని, మంచిదన్నారు. కాజీపేటలో ఎక్కడ అని అడిగారు.

"స్టేషన్ దగ్గర్నే మేడం" అంది అమ్మ.

నేను ఊరుకోలేదు. "మూడో అంతస్తు మేడం. లిఫ్టు సుత ఉన్నది" అన్నాను. అమ్మ నా తొడ గిల్లింది.

మేడం టీసీ పుస్తకం తెరిచి నా పేరు, పుట్టిన తేదీ, తరగతి నింపి, బడి విడిచే కారణం రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆపారు.

"ఈడ లిఫ్టు ఇల్లు అని రాయాల్నా, హాస్టల్ అని రాయాల్నా? ఆ పరీక్ష దరఖాస్తు మీద సంతకం పెట్టింది నేనే కదమ్మా" అన్నారు నెమ్మదిగా.

అమ్మ తల దించుకుంది. "తప్పైంది మేడం. మీ మనసుకు తక్లీఫ్ అయితదని…"

"నాది ఇడిచిపెట్టు. వీణ్ణి అంత దూరం పంపుడు నీకిష్టమేనా?"

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మేడం నా వైపు చూశారు. అంతే, నేను భోరున ఏడ్చేశాను. పరువు సంగతి గుర్తుకే రాలేదు.

అప్పుడు మెట్టుగూడ బడి మాట ఆమే ఎత్తారు. బయటి పిల్లలను తీసుకోరన్నది ఉత్త పుకారట. ఐదో తరగతిలో ఖాళీలున్నాయి, లెక్కలకు వేరే సారున్నారు, టీసీ పట్టుకుని వెళ్తే చాలు. మా ఎదుటే అక్కడి పెద్దసారుకు ఫోన్ చేశారు. "మా పిల్లగాడొస్తున్నడు సార్. భాగహారం కాడ జెర తడబడతడు. కథలు మాత్రం మస్తు అల్లుతడు." అమ్మ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

తర్వాత భయం భయంగా అడిగింది, "మరి మీ బడిల పిల్లలు తక్కువైతరు కద మేడం?"

"బడి నిలబెట్టుడు నా పని. వీని పని కాదు" అన్నారామె. గడిలో 'తల్లిదండ్రుల కోరిక' అని రాసి సంతకం చేశారు.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని, వారాలుగా మోస్తున్న మూట ఎవరో దించినట్టు నడిచింది. ఆ జూన్ నుంచి నేను పొద్దున బస్సులో మెట్టుగూడ వెళ్ళి, సాయంత్రానికి ఇంట్లో ఉండేవాణ్ణి. మేడం విద్యాశాఖ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చివరికి మా పాత బడికి ఒక సారును తెచ్చుకున్నారు. అది మూతపడలేదు.

ఇప్పుడు నేను యంత్రాల డిజైన్లు గీసే ఒక చిన్న బృందాన్ని చూసుకుంటున్నాను. ఉద్యోగం మానేస్తామని వచ్చే కుర్రవాళ్ళు ఏదో ఒక కారణం అల్లుకుని వస్తారు. అది నాకు తెలిసిపోతూనే ఉంటుంది. వాళ్ళు వెళ్తే నా పని ఎంత వెనకబడుతుందో కూడా తెలుసు. అయినా ముందు వాళ్ళకు ఎక్కడ మేలో ఆలోచిస్తాను. తెలిసిన చోటుంటే వాళ్ళ ఎదుటే ఫోన్ చేస్తాను. అది విన్నాక వాళ్ళ ముఖం తేటపడుతుంది. అది చూశాక, వాళ్ళ పని ఎవరికి పంచాలా అని కూర్చుని ఆలోచించడం నాకు బరువనిపించదు.