ఉప్పు చూసే మనిషి

మా గోదావరిఖని కాలనీలో ఎవరింట విందయినా, వడ్డనకు ముందు కూర రుచి చూడడానికి నన్నే పిలిచేవారు. బొగ్గు గనిలో ఇరవై ఏళ్లు డ్యూటీ చేసినా రాని పేరు నాలుక వల్ల వచ్చింది.

రాష్ట్రం రావడానికి రెండు మూడేళ్ల ముందు ఆయాసం ముదిరి దవాఖానలో పడ్డాను. డాక్టరు స్టెరాయిడ్ గోళీలు రాశాడు. పది రోజుల్లో మెట్లెక్కగలిగాను. ఆకలి రెట్టింపైంది. రుచి మాత్రం పోయింది. ఏం తిన్నా ఇనుప ముక్క చప్పరించినట్టుండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పదవి పోతుంది.

క్రిస్మస్ నాడు చర్చి వెనక షామియానా కింద మటన్ ఉడుకుతోంది. వంటాయన గరిటెతో ఇంత పులుసు నా అరచేతిలో పోశాడు.

"చూడు కాకా, ఉప్పు సరిపోయిందా?"

నాకేమీ తెలియలేదు. ఊరికే బాగుందంటే పిలిచినందుకు విలువేముంటుంది?

"ఇంకో రెండు పిడికిళ్లు పడాలె" అన్నాను.

"నాకైతే సరిపోయినట్లే ఉంది" అని గొణుగుతూనే వేశాడు.

పాస్టరుగారు ప్రార్థన చేసి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మూసిన కళ్లు చాలాసేపు తెరవలేదు. జనం నీళ్ల డ్రమ్ము దగ్గర వరస కట్టారు. నేను మాత్రం మారు వడ్డించుకుని తిన్నాను.

ఇంటికి నడుస్తుంటే నా భార్య అడిగింది. "నోటికి రుచి తెల్వక ఎన్ని దినాలైంది?"

"నెల."

"నాకెప్పుడో తెలుసు. వంక పెట్టకుండ తింటున్నవు."

మర్నాడే దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ పై చదువు చదివే ఒక డాక్టరమ్మ, ఈ గోళీలు వాడేవాళ్లకు రుచి ఎట్లా మారుతుందో పరిశోధన చేస్తోంది. చిన్న సీసాలోంచి నాలుక మీద ఒక చుక్క వేసింది.

"తీపి" అన్నాను ధీమాగా.

"ఉప్పునీళ్లు" అని రాసుకుంది.

ఆ తరువాత వేసిన మూడు చుక్కలకూ తప్పే చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"మీరు మాకు చాలా పనికొస్తారండి. గోళీలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, ఆయాసం తిరగబెడుతుంది. పెద్ద డాక్టరుగారే మెల్లగా తగ్గిస్తారు."

అట్లాగే తగ్గించారు. రెండు నెలలకు ఒక మధ్యాహ్నం వంకాయ కూరలో పులుపు తగిలింది. ఆత్రంగా ఇంకో ముద్ద తిన్నాను. ఇది మా ఇంటి కూరలా లేదు.

"చింతపండు తక్కువేసినవా?"

"పెండ్లయిన కాడికెల్లి నువ్వు చెప్పినంతే వేసిన. నీకు రుచి తెల్వదు కదా అని ఈ మూడు నెలలు మాత్రం నాకు నచ్చినట్లు వండుకున్న. ఇగ గిట్లనే వండుత."

కూర బాగుంది. ఆ మాట అనడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.