నూరు గొర్రెలకు పంచిన నా సూదిమందు

పోయిన నెల నాకు జరిగింది వింటే, ఈమెను కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి ఎవరు పెట్టుకున్నారబ్బా అని మీరే అడుగుతారు. అడగండి. నేనూ అదే అడుక్కుంటున్నాను. నేను పొడిపించుకోవాల్సిన మందు మా నాయన గొర్రెలకు పొడిచేశాడు! తప్పు ఆయనది కాదు, పూర్తిగా నాది.

మొదటి నుంచి చెప్తాను. నాకు ముప్పై ఆరు. పెళ్ళి కాలేదు. అంటే, అయ్యేదే! తొమ్మిదేళ్ళ కిందట జమ్మలమడుగు దగ్గర మా సొంత ఊర్లోనే సంబంధం కుదిరింది. అబ్బాయి నచ్చాడు, తాంబూలాలకు రోజు కూడా చూశారు. ఈలోగా ఎలక్షన్లు వచ్చిపడ్డాయి. నాయనది ఒక పార్టీ, అబ్బాయి నాన్నది ఇంకో పార్టీ. పోలింగ్ బూతు దగ్గర కర్రలు లేచాయి, ఇద్దరి తలలూ పగిలాయి, నా తాంబూలాలు అటకెక్కాయి. ఆ అబ్బాయి బెంగళూరులో వేరే పెళ్ళి చేసుకుని హాయిగా ఉన్నాడు. నాకు తర్వాత వచ్చిన సంబంధాలన్నీ అట్లే పోయాయి. మా దగ్గర జాతకం తర్వాత, ముందు పార్టీ చూస్తారు మరి.

అందుకే ఈ ఏడాది గట్టిగా అనుకున్నాను. పెళ్ళి ఎప్పుడన్నా కానీ, ముందు ఎగ్ ఫ్రీజింగ్, అంటే నా అండాలు తీసి గడ్డకట్టించి దాచడం, చేయించుకుంటాను. హైదరాబాదు డాక్టరమ్మ పది పన్నెండు రోజులు పొట్టలో హార్మోన్ ఇంజక్షన్లు రాసింది. రోజూ సాయంత్రం ఏడింటికి, ఇంట్లోనే. "ఒక్కరోజు తప్పినా ఈ నెల కష్టమంతా పోతుంది, మళ్ళీ ఇన్ని అండాలు వస్తాయని గ్యారంటీ ఇవ్వలేను" అని కూడా చెప్పింది.

నాకా, సూదంటే చచ్చేంత భయం. అమ్మే వీడియో చూసి నేర్చుకుని వేసేది. నేను దిండు కొరుక్కుంటూ కేక పెడితే, "ఇంగా గుచ్చనే లేదు, అప్పుడే అరుస్తాండావు!" అని తిట్టేది. నాయనకు మాత్రం చెప్పలేదు. పెళ్ళి కాని కూతురు పిల్లల కోసం సూదులు వేసుకుంటోందంటే ఆయన ఏమంటాడో అని భయం.

ఆ మందు ఫ్రిజ్‌లో పెట్టాలి. మా ప్రొద్దుటూరు ఇంట్లో ఫ్రిజ్ తెరవని మనిషి లేడు. మళ్ళీ ఎలక్షన్ల సీజన్ కదా, నాయన కోసం పార్టీవాళ్ళు వస్తూనే ఉంటారు, చల్లనీళ్ళ సీసాలు తీసుకుంటూనే ఉంటారు. అప్పుడు తట్టింది నాకు మహా ఐడియా! సొంత ఊర్లో ఉన్న మా గొర్రెల కోసం నాయన టీకాలు పెట్టుకునే థర్మాకోల్ డబ్బా కింది అరలో ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టరు. నా సీసాలు, సిరంజిలు అందులో దాచేశాను. ఆ డబ్బాను ముట్టే మనిషి ఒకే ఒక్కడున్నాడని, నేను దాస్తున్నది ఆయన నుంచే అని ఈ ఫిజిక్సు బుర్రకు తట్టలేదు.

తొమ్మిదో రోజు అమ్మ కమలాపురంలో పెళ్ళికి పోయింది. ఆరున్నరకల్లా వచ్చేస్తానంది. నేను ఐదున్నరకు కాలేజీ నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే డబ్బా లేదు! నా ప్రాణం అక్కడే సగం పోయింది. వెంటనే ఫోన్ కొట్టాను.

"నాయనా, ఫ్రిజ్‌లో డబ్బా యాడ?"

"ఊర్లో ఉండా మ్మా. జీవాలకు టీకాలేస్తాండా. సగం అయిపాయ."

"ఏ సీసా వాడినావు?"

"చిన్నది, తెల్లపొడి ఉండేది. ఈసారి శానా బాగా ప్యాక్ చేసి పంపినారు!"

గొర్రెల టీకా కూడా పొడిగానే వస్తుంది. దాన్ని పెద్ద సీసా నీళ్ళలో కలిపి గొర్రెకింత అని వేస్తారు. నా మందూ తెల్లపొడే. నాయనకు ఇంగ్లీషు రాదు. అంటే నా ఒకరోజు డోసును మా నాయన నూరు గొర్రెలకు సమానంగా పంచుతున్నాడు! "ఇంక వేయొద్దు, మిగతావి ముట్టొద్దు, నేనొస్తాండా!" అని అరిచి స్కూటీ తీశాను.

ఊరి ముందర పోలీసు పికెట్ వాళ్ళు ఆపారు. "ఏం పనిమీద మ్మా?" అని అడిగితే గొర్రెల టీకా అన్నాను. అడిగిన పోలీసాయన నా చీరను, చెమటను, మెడలో కాలేజీ ఐడీ కార్డును చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

దొడ్డి దగ్గర, నేను వద్దన్నా వినకుండా, నాయన ఒక గొర్రెను కాళ్ళ మధ్య ఇరికించుకుని సిరంజి పైకెత్తి ఉన్నాడు.

"నాయనా, అది గొర్రెలది కాదు. నాది!"

"నీదేంది?"

ఇక దాచేదేముంది? ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. నాయన పట్టు వదిలేశాడు. గొర్రె తప్పించుకుని పోయింది. నా సీసాలు ఇంకా రెండే మిగిలాయి. టైం ఆరూ ముక్కాలు. అమ్మకు ఫోన్ చేస్తే, ఎర్రగుంట్లలో ఏదో పార్టీ ర్యాలీ, బస్సు కదలడం లేదంది.

సరే, నేనే వేసుకుందామని మందు కలిపి కొత్త సిరంజిలోకి ఎక్కించాను. మూడుసార్లు పొట్ట దాకా తెచ్చి మూడుసార్లూ కేక పెట్టి ఆపేశాను.

"ఇట్లియ్యి, నేనేస్తా. వెయ్యి జీవాలకు వేసిన చెయ్యి ఇది."

"నేను గొర్రెను కాదు నాయనా!"

"అది నాకూ తెలుసు. గొర్రె ఇంత అరవదు."

ఏడుపొచ్చేసింది నాకు. ఎనిమిది రోజుల సూదులు, తొమ్మిదేళ్ళ ఎదురుచూపు, అన్నీ ఈ పది నిమిషాల్లో పోతున్నాయి. నాయన నన్ను ఒకసారి చూశాడు. సిరంజి నా చేతిలోనే వదిలేసి, చకచకా ఎదురువీధిలోకి నడిచాడు. ఎవరింటి ముందు ఆగాడో చూసి నా ఏడుపు కూడా ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ వీధిలోకి తొంగి కూడా చూడని మనిషి!

"లచ్చుమక్కా! కొంచెం రా క్కా. పాపకు సూదేయాల."

లక్ష్మమ్మ మా ఊరి ఏఎన్ఎం, అంటే ఊర్లో అందరికీ సూదులేసే నర్సమ్మ. నాకు అత్తగారు కావాల్సిన మనిషి. ఆమె వెంటనే వచ్చింది. మంచినీళ్ళ కుండ దగ్గర చేతులు కడుక్కుంది, సీసా మీది ఇంగ్లీషు చదివింది, ఒక్క నిమిషం నా మొహం చూసింది. అంతా అర్థమైపోయింది ఆమెకు. నన్ను గోడచాటుకు తీసుకుపోయి, "కండ్లు మూసుకో" అంది. అరిచేలోపే అయిపోయింది. టైం ఏడూ రెండు.

దూది అదిమి పట్టుకుని చిన్నగా అంది: "ఆ పొద్దు మా మొగోళ్ళు కర్రలు కింద పెట్టింటే, ఈ సూది నీకెందుకు మ్మా?"

ఇద్దరం ఏడ్చాం. నాయన అటు తిరిగి, లెక్క తప్పినట్టు గొర్రెలను మళ్ళీ మళ్ళీ ఎంచుతున్నాడు.

గొర్రెలకేం కాదని పశువుల డాక్టరు చెప్పాడు, కాకపోతే అసలు టీకా మళ్ళీ వేయాలన్నాడు. తక్కువైన నా సీసా మరుసటి రోజు కడపలో దొరికింది. వారం తర్వాత హైదరాబాదులో పని అయిపోయింది. పదకొండు గుడ్లు! బెడ్ మీద నుంచే నాయనకు ఫోన్ చేసి చెప్పాను. అటువైపు గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి. ఇప్పుడు తిడతాడేమో అనుకున్నాను.

నాయన ఏమన్నాడో వినండి.

"మంచిదే మ్మా. పదకొండిట్లో ఒకటన్నా తెలివిగలది ఉంటాది లే. అన్నీ నీ మాదిరే ఉంటాయా?"