నూట అరవై మంది దాటితే

ఆ గ్రాఫ్‌ను చూస్తుంటే కృపారాణికి ఒళ్లు మండిపోతోంది. మెస్సులోని ఫోన్ నుంచి మూడు రోజులుగా వస్తున్నది అదే గీత. పైకి పోవడమే తప్ప కిందికి దిగదు. వాడుకున్న మెమరీని యాప్ మళ్లీ వదలాలి కదా, వదలదే!

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. ఎంసీఏ చదివి, యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. తార్నాకలో ఆటో దిగి క్యాంపస్ దాకా నడుస్తూ కూడా కోడ్ గురించే గొణుక్కునే రకం. హాస్టల్ మెస్సుకు హాజరు యాప్ రాసింది ఆమే. విద్యార్థి కార్డు చూపిస్తే ఫోన్‌లో ఫోటో వస్తుంది. గుమ్మం దగ్గర నిలబడే కొమురెల్లి మొహం సరిచూసి లోపలికి పంపుతాడు.

గొడవంతా ఆయన చేతిలోని ఫోన్‌తోనే. హాస్టల్ వాళ్లిచ్చిన పాతది. నూట అరవై మంది దాటేసరికి యాప్ టపీమని మూసుకుపోతుంది, చివర్లో ఎక్కిన పేర్లు ఎగిరిపోతాయి. తిన్న ప్లేట్లు ఎక్కువ, పేర్లు తక్కువ. బయటివాళ్లకు తిండి పెడుతున్నాడంటూ, ఇరవై రెండేళ్లుగా అక్కడే పనిచేస్తున్న మనిషిని తీసేస్తానని వార్డెన్ పట్టుబట్టి కూర్చున్నాడు.

పోయిన వారం వార్డెన్ అడిగితే కృపారాణి ఏమంది? "యాప్ మంచిగనే ఉన్నది సార్, ఆయనకే వాడుడు రాదేమో" అంది. ఎంత తేలిగ్గా అనేసింది! ఆమె ఫోన్ కొత్తది. పైగా పరీక్షించేటప్పుడు పది కార్డులు చూసి యాప్ మూసేది, మళ్లీ తెరిచేది. కొమురెల్లి అలా కాదు. వడ్డన మొదలైనప్పుడు తెరిస్తే చివరి పిల్లవాడు లోపలికి వెళ్లేదాకా మూయడు. మధ్యలో ఆపితే ఎవరి పేరో తప్పిపోతుందని ఆయన భయం.

గ్రాఫ్‌తో విసిగి, ఇవాళ మధ్యాహ్నం ఆ పాత ఫోన్‌నే అడిగి తెచ్చుకుంది. కంప్యూటర్‌కు కలిపి, మూయకుండా కార్డు మీద కార్డు చూపిస్తూ పోయింది. అప్పుడు దొరికింది. లోపలికి వెళ్లిపోయిన ప్రతి విద్యార్థి ఫోటోనూ యాప్ ఇంకా పట్టుకునే ఉంది. పనయ్యాక వదిలెయ్యమని చెప్పే లైను రాయడం మరిచింది తనే. ఒక్క లైను! అది రాశాక గీత కుదురుకుంది. సంతోషం రావలసింది పోయి సిగ్గేసింది.

ఫోన్ పట్టుకుని మెస్సుకు పరుగెత్తింది. కొమురెల్లి బల్లలు తుడుస్తున్నాడు.

"కాకా, తప్పు నాది. యాప్‌లనే ఉన్నది. నీదేం లేదు. వార్డెన్ సార్‌కు చెప్తా, పోదాం పా."

ఆయన గుడ్డ పిండి భుజాన వేసుకున్నాడు.

"గిప్పుడు చెప్తే ఏం లాభం మేడం? పొద్దుగాలనే కాయితం రాసిచ్చిన."

"ఏమని?"

"బయటోళ్లకు నేనే పెట్టిన అని. ఒప్పుకుంటే వేరే హాస్టల్‌కు పంపుతమన్నరు, లేకుంటే ఇంటికేనట. నాకు వాడుడు రాదని మీరే అన్నరంట గదా. చదువుకున్నోళ్లు, ఉత్తగనే అనరు గదా, పేర్లు నా చేతులనే పోతున్నయేమో అనుకొని సంతకం పెట్టిన. ఒక్కలకు గూడ పెట్టలే మేడం నేను."